దరువు: గేయరూపకములకు జీవగఱ్ఱ

తెలుఁగు యక్షగానములను, కలాపములను సాహిత్యదృష్టితో పరిశీలించిన పండితులలో కొందఱు వానియందు కవిత్వము పలుచనయని తలంతురు. అచ్చుపడిన భామాకలాపమును చేతఁబట్టి మొదటినుండి తుదివఱకు చదివినవారికి ఆ యభిప్రాయము కలుగుట వింత కాదు. చెప్పిన మాటయే మరల చెప్పినట్లుండును. పల్లవి పలుమాఱులు తిరిగివచ్చును. పుటలు తిరుగుచుండును గాని కథ యడుగైన ముందునకు సాఁగదు. పారిజాతాపహరణమును పాఠము చెప్పిన నోటితో దీనిని చదివిన పండితుఁడు పుస్తకమును మూసి, ఇది పామరరంజకమని యొక్క మాటతో త్రోసివేయును.

అయినను ఆ పుస్తకముననున్న సాహిత్యమే శ్రుతి, మద్దెల, తాళము, గజ్జెలు తోడుగా పాడఁబడి యభినయింపఁబడినపుడు జనులు తెల్లవాఱుదాఁక కదలక కూర్చుండిరనుట మన పెద్దల యనుభవము. చదివినపుడు పలుచనైనది పాడినపుడు చిక్కనగుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము దరువు అను గీతభేదమునందున్నదని నా తలంపు. గేయరూపకమునకు ముద్రితగ్రంథము సగము మాత్రమే. తక్కిన సగము గానము. మొదటి సగమును భద్రపఱచి రెండవ సగమును జాఱవిడిచితిమేని మనము రూపకమును భద్రపఱచినవారము కాము. ఈ విషయమును సంగీతశాస్త్రపరిచయము లేని పండితులకును సుబోధమగునట్లు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

కోనసీమయందలి కలాపము

గౌతమీ వసిష్ఠ శాఖలకును సముద్రమునకును నడుమనున్న లంకభూమి కోనసీమ. సముద్రతీరమునకు చేరువనున్న కాట్రేనికోన 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాలో నొక మండలకేంద్రము. దానికి పొరుగుననే ముమ్మిడివరము కలదు. కలాపగానమును గూర్చి ముచ్చటించువారు ముమ్మిడివరమును తలఁపకుండుట లేదు. ఆ యూరికి చెందిన అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మగారు భామాకలాప గొల్లకలాపములయందు ప్రవీణురాలని ప్రసిద్ధినందిరి.

కూచిపూడియందు భామాకలాపమును ఆడినవారు బ్రాహ్మణభాగవతులు. సత్యభామ వేషమును సయితము పురుషులే ధరించిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషమునకు దేశమంతట పేరు తెచ్చిరి. గోదావరీమండలమున నట్లు గాక కళావంతుల స్త్రీలే సత్యభామయు, గొల్లభామయు నైరి. వారి మేళములకు మూఁడు తావులుండెను. దేవాలయమున స్వామి యెదుట చేయు కైంకర్యము మొదటిది. శ్రీమంతుల యిండ్లలో శుభకార్యములయందు జరుగు మేజువాణి రెండవది. సలాముదరువు, వర్ణము, పదము, జావళి యిందలి గీతములు. రాత్రివేళ పెక్కుమంది యెదుట సాఁగు కలాపము మూఁడవది. పిఠాపురమున కుంతీమాధవస్వామి సన్నిధిని తొమ్మిది రాత్రులు సాఁగిన నవజనార్దన పారిజాతము ఈ సంప్రదాయములోనిదే.

దేవదాసీసమర్పణమును నిషేధించుచు మద్రాసు రాష్ట్రమున 1947లో శాసనము వచ్చెను. బాలికల మెడనుండి యొక కట్టు తెగిపోయినది, అది న్యాయమే. అయితే ఆ కుటుంబముల విద్యకు వేఱొక నీడ చూపినవారు లేకపోయిరి. దేవాలయమును మేజువాణియు మూఁతపడఁగా పాట యింటిలోపలికి పోయినది. నటరాజ రామకృష్ణగారు అట్టి వృద్ధకళావంతులను వెదకి, వారియొద్దనున్న విద్యను మరల రంగస్థలమునకు తెచ్చిరి. దవేశ్ సోనేజీ 2012లో ప్రకటించిన గ్రంథమునందు ఈ మండలపు స్త్రీల జ్ఞాపకములను పదిలపఱచిరి. ఇట్లు నిలిచిన గానమెట్టిదో తెలియుటకు ముందుగా దాని యంగములను చూడవలసియున్నది.

రాగము, తాళము

సంగీతమునకు ఆధారము శ్రుతి. గాయకుఁడు తన కంఠమునకు తగిన షడ్జమును నిలుపుకొని, దానినుండి తక్కిన స్వరముల యెత్తుపల్లములను కొలుచుకొనును. స్వరములు ఏడు, వాని స్థానములు పండ్రెండు, పేర్లు పదునాఱు. వీని కలయికచేత ఏర్పడు మేళములు 72 అని పదునేడవ శతాబ్దమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికయందు నిర్ణయించెను.

మేళము రాగము కాదు. మేళము అక్షరమాలవంటిది, రాగము నుడికారమువంటిది. భైరవి, ఆనందభైరవి రెండును ఇరువదవ మేళమునుండి పుట్టినవనియే నేఁటి లక్షణకర్తలు చెప్పుదురు. అయినను విన్నవాఁడెవ్వఁడును ఒకదానిని మఱియొకటిగా భ్రమపడఁడు. ఏ స్వరమునొద్ద నిలువవలెనో, దేనిని ఊఁపవలెనో, దేనిని తాఁకి విడువవలెనో, ఎచట వక్రముగా తిరుగవలెనో అను మర్యాదలే రాగమునకు రూపము. ఆ యూఁపునకే గమకమని పేరు. కావున పుస్తకమున పాటపైని "భైరవి" యని వ్రాసియున్నంతమాత్రమున పాట తెలిసినట్లు కాదు. ఒకే రాగమున నూఱు పాటలుండవచ్చును. ఈ పాట యే మెట్టున నడచినదో ఆ రాగనామము చెప్పఁజాలదు. ఈ మెట్టునే మనవారు వర్ణమెట్టు అనిరి.

తాళమునందు పండితులకు పరిచయమైన మార్గమొకటి కలదు. అది ఛందస్సు. అప్పకవి 1656లో తన లక్షణగ్రంథమును ఆరంభించెను. అతఁడు యక్షగానమునందలి తాళబంధములను రగడలతో ముడివెట్టి చెప్పుట మిక్కిలి ఉపకారకమైన విషయము. మధురగతిరగడ నాలుగేసి మాత్రల నడక. చేతితో లెక్కించి చదివినచో అది యేకతాళమునకు సరిపడును. ద్విరదగతి అయిదేసి మాత్రల నడక; జంపెకు మూలము. వృషభగతి మూఁడును నాలుగును కలిసిన యేడేసి మాత్రల నడక, త్రిపుటకు తల్లి. ఏడుమాత్రల యీ నడకయే పాటకచేరులయందు మిశ్రచాపు అను పేర వినఁబడును. కావున రగడను తూఁగుతో చదువనేర్చిన పండితుఁడు తాళమునకు క్రొత్తవాఁడు కాఁడు. అతఁడెఱుఁగవలసినది యొక్కటే: ఛందస్సునందు మాత్ర అక్షరముచేత నిండును, పాటయందు అక్షరము ముగిసినను మాత్ర నిండుటకు నాదము సాఁగును. యక్షగానపు పాదమునందు మాత్రలు తక్కువపడినవని మనము లక్షణదోషమెన్నుచోట గాయకుఁడు రాగమును దీర్చి ఆ లోటును పూరించును. అచ్చులో కనఁబడు కొఱఁత గానమున కొఱఁత కాదు.

దరువు

సంస్కృతమునందలి ధ్రువయే తెలుఁగున దరువైనదని పెద్దల మతము. భరతుఁడు నాట్యశాస్త్రమున ధ్రువలను అయిదు విధములుగా విభజించెను. పాత్ర రంగమును ప్రవేశించునపుడు పాడునది ప్రావేశికి. నిష్క్రమించునపుడు పాడునది నైష్క్రామికి. నడచుచున్న రసమును త్రోసి వేఱొక రసమును తెచ్చునది ఆక్షేపికి. కలఁతపడిన ప్రేక్షకుల మనస్సును తేర్చునది ప్రాసాదికి. నడుమ నేర్పడిన యెడమును పూరించునది ఆంతర.

ఈ విభాగమును గమనింపుఁడు. ఇది రాగమునుబట్టి కాని, తాళమునుబట్టి కాని, ఛందస్సునుబట్టి కాని చేసినది కాదు. ఆ పాట రూపకమునందు చేయు పనినిబట్టి చేసినది. గేయరూపకమును పరీక్షించువారికి ఇంతకంటె మంచి కొలఁబద్ద లేదు. కృతికి దేవతాస్తుతి ప్రయోజనము. వర్ణమునకు రాగస్వరూపప్రదర్శనము ప్రయోజనము. పదమునకు శృంగారభావవివరణము ప్రయోజనము. దరువునకో, కథ నడపుట ప్రయోజనము. పల్లవి, అనుపల్లవి, చరణములు అను శరీరము ఇంచుమించుగా వీనికన్నిటికి సమానమే, పని వేఱు. మన యక్షగానకర్తలును పనినిబట్టియే పేర్లు పెట్టిరి: పాత్రప్రవేశదరువు, వర్ణనదరువు, స్వగతదరువు, సంవాదదరువు, హాస్యగానికి కోణంగిదరువు.

దరువుతోపాటు మఱికొన్ని యంగములు కలవు. కథాసంధికి ద్విపద, ఉత్సవమునకు శోభనములు, ధవళములు, జానపదచ్ఛాయకు ఏలలు, మాటకు వచనము. కందపద్యమును రాగముతో చదివి, వెంటనే దాని భావమును తాళబద్ధముగా విస్తరించి పాడునది కందార్థము. పద్యమునందు తాళము లేదు, రాగము కలదు. వచనమునందు తాళము లేకున్నను తూఁగు కలదు. దరువునందు రెండును కలవు. ఈ మూఁటి వంతులచేత గేయరూపకమునందు నాదము ఒకప్పుడు సడలి, ఒకప్పుడు బిగిసి, శ్రోతను అలయనీయక నడపును.

భామాకలాపమున దరువు చేయు పని

సిద్ధేంద్రయోగి కర్తృత్వముగా ప్రసిద్ధమైన భామాకలాపకథ మిక్కిలి చిన్నది. శ్రీకృష్ణుఁడు అలిగి పోయెను, సత్యభామ విరహమునొందెను, చెలికత్తె మాధవిద్వారా లేఖను పంపెను, తుదకు సమాగమము. పాఠకునకు కథ సాఁగలేదని తోఁచుట యిందువలననే. ఇందు సాఁగునది కథ కాదు, సత్యభామ మనస్సు. ఆ మనస్సును నడపునవి దరువులు.

ప్రవేశమును చూడుఁడు. ఇరువురు తెర పట్టుదురు. తెరవెనుకనుండి పాట మొదలగును. ముఖము కనఁబడకముందే తెరపైనుండి జడ ప్రేక్షకుల వైపునకు వ్రేలాడును. విద్యలో తన్ను గెలువఁగలవారున్నచో ఆ జడ కోయించుకొందునని నటి సవాలు చేయుటకది గుఱుతని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఆపై తెర తొలఁగును. ప్రవేశదరువును భైరవిరాగమున పాడుట ప్రసిద్ధమైన పద్ధతి. దాని పల్లవియందు నాయిక తన పేరు చెప్పుకొనుట తప్ప వేఱు విషయము లేదు. చదువరికి అది యొక్క పంక్తి. చూపఱికి చాల సేపటి నాటకము. పల్లవి తిరిగివచ్చిన ప్రతిసారి అభినయము మాఱును. ఒకసారి అది సత్రాజిత్తు కూఁతురి కులగర్వము, ఒకసారి రూపగర్వము, ఒకసారి పతియెడ తనకే చెల్లునను చనువు. మాట మాఱలేదు, మాటలోని మనిషి మాఱుచున్నది. అచ్చులో పునరుక్తియని మనము కొట్టివేసినది రంగమున పాత్రసృష్టి యగుచున్నది.

ఇంతటి గర్వము ప్రవేశమున నిలువకున్నచో, తరువాతి విరహమునకు బలము లేదు. మాధవితోడి సంవాదదరువులు దీనిని సడలించును. నీ పతి పేరేమని మాధవి యడుగును. ఇల్లాలు మగని పేరు నోటఁబలుకఁగూడదను ఆచారముచేత సత్యభామ తడఁబడును. తన పేరు సభయంతట మ్రోఁగునట్లు చాటుకొన్న నోరు పతి పేరునొద్ద మూగవోవుట యెంతటి చమత్కారము! ఈ రెండు ఘట్టములకు నడుమ వచనముచేత తాళము సడలియుండుటవలన ఆ తడఁబాటు శ్రోత చెవికి స్పష్టముగా తెలియును. ముక్కెరను బహుమానముగా నిమ్మని మాధవి కోరుట హాస్యమునకు చోటు. భరతుని ప్రాసాదికి ఇట్టిచోట గుర్తుకు రావలెను. విరహముతో బరువెక్కిన మనస్సును ఇది తేర్చును.

తరువాత చంద్రుని, మన్మథుని దూఱు గీతములు. వీని విషయము ప్రబంధముల విరహవర్ణనమునందు మనమెఱిఁగినదే. అయితే పద్యమునందు ఒక్కమాఱుగా ముగియు నిష్ఠురము చరణమునకు పిదప చరణముగా విలంబకాలమున సాఁగుటచేత, ఆలస్యమే అర్థమగును. ప్రియుఁడు రాకుండుటయనఁగా కాలము గడవకుండుట. గడవని కాలమును పద్యము వర్ణించును. విలంబగానము దానిని శ్రోతచేత అనుభవింపఁజేయును. లేఖాఘట్టమునందు గర్వము పూర్తిగా కరఁగిపోవును. మొదట తన పేరు చాటినామె తుదకు దాసినని వ్రాయుస్థితికి వచ్చుట కలాపమునందలి కథ. అది పుటలలో లేదు, రాగములలోను కాలములలోను ఉన్నది.

గొల్లకలాపమున వాదము

భామాకలాపము భావప్రధానమైనచో గొల్లకలాపము వాదప్రధానము. దీని కర్త కూచిపూడివాఁడైన భాగవతుల రామయ్య అని ప్రసిద్ధి. చల్లలమ్మవచ్చిన గొల్లభామకును బ్రాహ్మణునకును సంవాదము. యజ్ఞస్వరూపమేమి, బ్రాహ్మణ్యమనఁగా నేమి, గర్భమున పిండమెట్లు పెరుఁగును అను ప్రశ్నలు బయలుదేఱును. పిండోత్పత్తిక్రమమును నెలవారిగా వివరించి బ్రాహ్మణునికి బోధించునది గొల్లభామయే.

శాస్త్రవిషయమును పాటగా కట్టుట నీరసమని తోఁపవచ్చును. కాని వంతుల పాటయందు వాదమునకు సహజమైన యొక బలము కలదు. వచనమున పూర్వపక్షము, దరువున సిద్ధాంతము. తాళము పట్టుకొన్న పక్షమే గెలుచుచున్నదని శ్రోతకు తెలియకయే తెలియును. కోనసీమయందు దీనిని అభినయించినవారు కళావంతుల స్త్రీలని మరల జ్ఞప్తికి తెచ్చుకొనుఁడు. సంఘము తక్కువచూపు చూచిన స్త్రీ సభ నడుమ నిలిచి, జన్మమందఱికి నొక్కతీరుననే కలుగుననియు, జ్ఞానమే పెద్దఱికమునకు కారణమనియు శాస్త్రపద్ధతిని నిరూపించుచుండఁగా, ఆ సభయందు పండితులును కూర్చుండి వినుచుండిరి. ఆ వాదము ఎవరి కంఠమునుండి వచ్చినదను విషయము పుస్తకమునకెక్కదు. గానముతోపాటు ఆ యర్థమును పోవును.

ఇటలీదేశపు దృష్టాంతము

ఒపేరా యనఁబడు పాశ్చాత్యగేయనాటకము పుట్టుక పరిశోధకులమగు మనకు ప్రత్యేకముగా రుచింపవలసినది. పదునాఱవ శతాబ్దము చివర ఇటలీయందలి ఫ్లారెన్సు నగరమున కొందఱు పండితులు, కవులు, గాయకులు ప్రాచీనయవనులు తమ నాటకములను పాటగా నడపిరని తలంచి, ఆ పద్ధతిని పునరుద్ధరింపఁబూనిరి. ఇట్లు 1598లో జాకొపో పేరి సంగీతముతో "డాఫ్నే" యాడఁబడెను. 1600లో అతఁడే "యూరిడిచే"ను సంగీతబద్ధము చేసెను. 1607లో మాంటువానగరమున మాంటెవర్డి రచించిన "ఓర్ఫేయో" యాడఁబడినది. ఇంచుమించుగా ఆ కాలముననే తంజావూరున రఘునాథనాయకుని యేలుబడి. అతని కుమారుఁడు విజయరాఘవనాయకుఁడు యక్షగానకర్త. ఆ యాస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును వెలయించెను. అంతకు ముందే పదునాఱవ శతాబ్దమున కందుకూరి రుద్రకవి సుగ్రీవవిజయమును రచించియుండెను. ఒకరినొకరెఱుఁగని రెండు దేశములవారు కొంచెమించుమించుగా నొకే కాలమున నాటకమును పాటలోనికి తెచ్చుట చరిత్రమునందలి యొక మనోహరమైన విషయము.

వారి గేయనాటకమున మాటతీరుననే పాడుచు కథ చెప్పుభాగము రెసిటటీవ్, భావము నిండినపుడు కథను నిలిపి పాడు పూర్ణగీతము ఆరియా, బృందగానము కోరస్. మొదటిది మన వచన ద్విపదల పని చేయును. రెండవదానికి మన స్వగతదరువు చేరువ. భేదములును గలవు. వారు పలుస్వరములను ఏకకాలమున మేళవించి భావమును కల్పింతురు. మనము ఒక్క స్వరధారయందే గమకములచేత సాధింతుము. వారియందు పాడువాఁడు సాధారణముగా నర్తింపఁడు. మనయందు పాట, అభినయము, నృత్తము ఒక్క శరీరముననే కలియును.

అయితే నేనిచట చూపఁదలఁచినది వేఱు. "డాఫ్నే" నాటకపు సాహిత్యము నేఁటికిని నిలిచియున్నది. సంగీతము కొన్ని తునుకలు తప్ప పోయినది. మాంటెవర్డియే 1608లో రచించిన "అరియాన్నా"కును అదే గతి: నాయిక విలాపగీతము తప్ప సంగీతమంతయు నశించెను. "యూరిడిచే", "ఓర్ఫేయో"లు స్వరసహితముగా అచ్చుపడినవి, నేఁటికిని పాడఁబడుచున్నవి. నాలుగువందల యేండ్లకు పైఁబడినను, స్వరములు వ్రాసిన రూపకము బ్రతికినది. మాటలు మాత్రము మిగిలినది పుస్తకమైనది.

మన గ్రంథముల గతి

తంజావూరు యక్షగానములు సరస్వతీమహలు గ్రంథాలయమువలన మనకు దక్కినవి. ఎస్వీ జోగారావుగారు ఆంధ్రయక్షగానవాఙ్మయచరిత్రమును రచించి యీ వాఙ్మయపు విస్తారమును లోకమునకు చూపిరి. కాని యీ గ్రంథములలో పెక్కింటియందు పాటపైనున్నది రాగతాళముల పేరు మాత్రమే. రాగమునకును వర్ణమెట్టునకును గల భేదమును ముందు చెప్పితిని. కావున నేఁడెవరైనను వీనిని పాడఁబూనినచో క్రొత్తగా కట్టుకొనవలసినదే. అది పాట కావచ్చును గాని ఆ పాట కాదు.

పరంపర తెగనిచోట సంగతి వేఱు. తమిళదేశమున మెలట్టూరులో వేంకటరామశాస్త్రిగారి తెలుఁగు నాటకములు నృసింహజయంతి సమయమున నేఁటికిని ఆడఁబడుచున్నవి. త్యాగరాజస్వామి అయిదంకముల ప్రహ్లాదభక్తివిజయమును, నౌకాచరిత్రమును రచించెను. వానియందలి పాటలు శిష్యులచేత పాడఁబడి, పిదప స్వరపఱపఁబడి నిలిచినవి. సుబ్బరామదీక్షితులుగారు 1904లో ఎట్టయపురమునుండి తెలుఁగు లిపిలో ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని ఇంతకంటె గొప్ప నిదర్శనము. ముత్తుస్వామిదీక్షితుల కృతులతోపాటు క్షేత్రయ్య పదములును అందు స్వరములతో, గమకచిహ్నములతో అచ్చుపడినవి. పాట నోటిలోనే యుండవలెను, కాగితమునకు లొంగదు అను మాటకు ఆ గ్రంథమే ప్రత్యుత్తరము. కృతికిని పదమునకును జరిగిన యా యుపకారము కలాపదరువులకు ఆ విస్తృతితో జరుగలేదు.

విన్నపము

కావున సాహిత్యపరిశోధకులకును పాఠశాలాపండితులకును నాదొక విన్నపము. తాళపత్రమునకు పాఠభేదములు చూచినట్లు గానమునకును పాఠభేదములు చూడవలెను. కూచిపూడి భాగవతుల పాఠము, కోనసీమ కళావంతుల పాఠము, పిఠాపురపు పారిజాతపాఠము ఒకే శాఖకు చెందిన మూఁడు ప్రతులవంటివి. ఏది శుద్ధము, ఏది అపపాఠమని తొందరపడి తీర్పు చెప్పక, మూఁటిని ప్రక్కప్రక్కల నుంచి పరీక్షించుటయే పరిష్కర్తల ధర్మము.

పెద్దలయొద్ద నొక దరువు విన్నపుడు గుఱుతించుకొనవలసిన విషయములు కొన్ని గలవు. పాడినవారి సంప్రదాయము, నేర్పిన వంశము, ఎత్తుగడ స్వరము, తాళము, కాలము, పల్లవి యెన్నిసార్లు తిరిగినది, ప్రతిసారి యభినయమెట్లు మాఱినది, పాదమునందు అక్షరము చాలనిచోట నాదమెచట సాఁగినది, దరువునకు ముందును వెనుకను వచనమేది. వీనిలో ఎత్తుగడ స్వరము తప్ప తక్కినవానిని గుర్తించుటకు పండితునకు స్వరజ్ఞానము కూడ నక్కఱలేదు. రగడల నడక తెలిసిన చెవి చాలును. స్వరములు వ్రాయుటకు సంగీతజ్ఞుని తోడు తీసికొనవచ్చును. ధ్వనిని, దృశ్యమును పట్టియుంచు యంత్రము నేఁడు ప్రతివారి చేతిలోనున్నది; దీక్షితులుగారికి అది లేదు.

మఱియొక్క మాట. ఈ పాటలను దాఁచినవారు చాలకాలము తమ విద్యనే దాఁచుకొనవలసివచ్చినవారు. వారి గడపయొద్దకు పోవునపుడు ఆసక్తితోపాటు గౌరవమును కూడ వెంటఁగొనిపోవలెను. వినుటకు ముందు అనుమతి యడుగవలెను. ప్రకటించునపుడు వారు కోరినట్లు పేరు చెప్పవలెను, లేదా మానవలెను. తాళపత్రమునకు యజమాని పేరు వ్రాయు మనము కంఠమునకు యజమానిని మఱచుట తగదు.

కాట్రేనికోన మొదలుకొని అమలాపురమువఱకు ఏ పాఠశాలయందైనను సత్యభామను గూర్చి పాఠము చెప్పుచున్నపుడు తిమ్మన పద్యముతోపాటు ఒక్క దరువును వినిపింపుఁడు. విద్యార్థి పద్యమున ఆమె యలుకను చదువును. దరువున ఆ యలుక తెరవెనుకనుండి లేచి, తన పేరు చాటి, తుదకు కరఁగుటను వినును. ఆ రెండును చేరినపుడే మన సాహిత్యమున ఆమె సంపూర్ణముగా నిలుచును. పుస్తకములు మనయొద్ద పదిలముగానే యున్నవి. కంఠములున్న కాలము కొంచెము. ఈ పని వెంటనే పూనవలసియున్నది.